జంతుహింసకు దూరంగా: తెలుగు ఇంట్లో వీగన్ జీవనం మొదలుపెట్టే క్రమం

మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె, తోలు, పట్టు, ఉన్ని వంటి జంతు సంబంధమైన వస్తువులను సాధ్యమైనంత మేరకు వదిలి జీవించాలనుకునేవారి కోసం, అంటే వీగన్ కావాలనుకునేవారి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. బరువు తగ్గడానికో, కొలెస్టరాల్ అదుపు కోసమో ఈ దారికి వచ్చేవారికి కూడా ఇందులో పనికివచ్చే విషయాలు ఉంటాయి. అయితే నా దృష్టిలో ఉన్నవారు వేరు. జంతువులు పడే బాధలో తమ వాటా ఎంతో గమనించి, దాన్ని తగ్గించుకోవాలని నిశ్చయించుకున్నవారి గురించే నేను ఆలోచిస్తున్నాను. కారణం మారితే ఏది ముందు మానాలి, దేనికి పట్టుబట్టాలి, ఎక్కడ సర్దుకోవాలి అనే క్రమం కూడా మారుతుంది.

ఆహార నియమం అనగానే మనకు మడి, ఆచారం, అంటు గుర్తుకు వస్తాయి. వీగన్ జీవనాన్ని ఆ వరుసలో చేర్చుకుంటే దారి తప్పుతుంది. బిస్కెట్టులో రవ్వంత పాలపొడి ఉందేమోనని రోజంతా కలత చెందుతూ, ఇంటికి నెలనెలా వచ్చే గుడ్ల ట్రేల గురించి ఆలోచించకపోవడం శుద్ధి మీద శ్రద్ధ అవుతుందేమో గానీ జంతువు మీద శ్రద్ధ కాదు. ప్రతి నిర్ణయం దగ్గరా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: నేను ఇది కొనడం వల్ల ఏ జంతువుకు, ఎంత హాని జరుగుతుంది? కింద చెప్పిన మెట్లన్నీ ఈ ప్రశ్న మీదనే నిలబడ్డాయి.

మొదటి మెట్టు: జరుగుతున్నది తెలుసుకోవడం

మాంసంలో హింస ఉందని అందరికీ తెలుసు. పాలలో ఏముందో తెలిసినవారు తక్కువ కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆవు గానీ గేదె గానీ ఈనితేనే పాలిస్తుంది. ఆవు సుమారు 280 రోజులు, గేదె సుమారు 310 రోజులు కడుపుతో ఉంటాయి. ఈనిన కొద్ది నెలలకే మళ్లీ చూడి కట్టించి, వట్టిపోయి ఉండే కాలాన్ని వీలైనంత తగ్గించుకుంటేనే పాడి గిట్టుబాటు అవుతుంది. పుట్టే దూడల్లో దాదాపు సగం మగవే. పెయ్యదూడ రేపటి పాడిపశువు కనుక దానికి కాస్త పాలు దక్కుతాయి. దున్నదూడకు ఆ భవిష్యత్తు లేదు. ట్రాక్టర్లు వచ్చాక సేద్యంలో, బండ్లలో మగపశువుల అవసరం బాగా తగ్గిపోయింది. చేపు రావడానికి, అంటే పొదుగులోకి పాలు దిగడానికి, దూడను ఒక్కసారి పొదుగు దగ్గరకు వదిలి వెంటనే లాగేయడం, పాలు చాలక అది చిక్కి చనిపోవడం, లేకపోతే సంతకు చేరడం పల్లెల్లో పెరిగినవారు చూసినవే. వట్టిపోయిన గేదె కూడా చివరకు అదే సంతకు వెళ్తుంది.

గొడ్డు మాంసం ఎగుమతిలో ప్రపంచంలోని ముందువరుస దేశాల్లో భారతదేశం ఒకటి, ఆ ఎగుమతి ప్రధానంగా గేదె మాంసమే. ప్రపంచంలో అత్యధికంగా పాలు ఉత్పత్తి చేసే దేశం కూడా మనదే. ఈ రెండు విషయాలకూ విడదీయలేని సంబంధం ఉంది. పాడి నుంచి తప్పించిన పశువులే కబేళాకు ముడిసరుకు. కాబట్టి మాంసం ముట్టని ఇల్లు పాలు కొంటున్నంత కాలం ఆ గొలుసులో ఒక కొసను పట్టుకునే ఉంటుంది. అంతమాత్రాన రెండు గేదెల మీద పిల్లల చదువు నెట్టుకొస్తున్న మహిళా రైతును దోషిగా నిలబెట్టవలసిన పని లేదు. ఆమెకు వేరే దారులు లేవు, కొనేవారికి చాలా దారులు ఉన్నాయి.

గుడ్ల సంగతి మరింత కఠినమైనది. గుడ్లు పెట్టే జాతి కోళ్లలో పుంజులు గుడ్లు పెట్టవు, మాంసానికి వేగంగా పెరగవు. అందువల్ల హేచరీల్లో గుడ్డు నుంచి బయటకు వచ్చిన మొదటి రోజే మగ కోడిపిల్లలను వేరుచేసి చంపేస్తారు. మిగిలిన పెట్టలు రెక్క విప్పుకోవడానికి వీలులేని తీగ బోనుల్లో, ఒక్కొక్కటి ఏ4 కాగితం కంటే తక్కువ చోటులో, గుడ్లు తగ్గేదాకా బతుకుతాయి. లా కమిషన్ 2017లో ఇచ్చిన 269వ నివేదిక ఈ కోళ్ల పరిస్థితి మీదనే వచ్చింది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రస్థానంలో ఉండే రాష్ట్రం కనుక ఇది మన పొలిమేరల్లోనే జరుగుతున్న విషయం.

ఇక మాంసంలో ఒక లెక్కను చాలామంది గమనించరు. ఒక మేక నుంచి పది కిలోలకు పైగా మాంసం వస్తుంది. ఆరు వారాల వయసులో కోసే బ్రాయిలర్ కోడి నుంచి వచ్చేది కిలోన్నర మాత్రమే. భీమవరం ప్రాంతంలో రొయ్యల ధరను కౌంట్ ప్రకారం చెబుతారు. వంద కౌంట్ అంటే కిలోకు వంద రొయ్యలు, అంటే వంద ప్రాణాలు. ఆరోగ్యం పేరుతో మటన్ మానేసి చికెన్‌కూ, చికెన్ మానేసి రొయ్యలకూ మారినవారి కంచంలో ప్రాణాల సంఖ్య తగ్గదు, పెరుగుతుంది. మానే క్రమం నిర్ణయించుకునేటప్పుడు ఈ లెక్క గుర్తుండాలి.

రెండవ మెట్టు: బి12, రక్తపరీక్ష

వంటింటి జోలికి వెళ్లకముందే చేయవలసిన పని ఇది. బి12 విటమిన్ మొక్కల ఆహారంలో నమ్మదగిన స్థాయిలో దొరకదు. చద్దన్నంలో ఉంటుందనీ, స్పిరులినాలో ఉంటుందనీ చెప్పేవి నమ్మవద్దు. స్పిరులినాలో ఉండే రూపం మన శరీరానికి పనికిరాదు. మనిషికి రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాములకు కాస్త పైన మాత్రమే, పైగా కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉండవచ్చు. అందుకే మానేసిన కొత్తలో ఏమీ తేడా తెలియదు. తెలిసే సమయానికి అరికాళ్లలో తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు, రక్తహీనత మొదలై ఉంటాయి. నరాలకు జరిగిన నష్టం కొన్నిసార్లు పూర్తిగా పూడదు.

1944లో ఇంగ్లండులో ఏర్పడిన వీగన్ సొసైటీ ఇచ్చే సూచన ప్రకారం మాత్ర రూపంలో తీసుకునేవారికి రోజుకు కనీసం 10 మైక్రోగ్రాములు, లేదా వారానికి 2000 మైక్రోగ్రాములు అవసరం. అవసరానికీ మోతాదుకూ ఇంత తేడా ఎందుకంటే, శరీరం ఒక్క విడతలో సాధారణ మార్గంలో సుమారు రెండు మైక్రోగ్రాములే గ్రహించగలదు, మిగిలిన దానిలో దాదాపు ఒక శాతం మాత్రమే లోపలికి చేరుతుంది. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో, గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వేసుకునేవారిలో ఈ గ్రహణం ఇంకా తగ్గుతుంది. వారు వైద్యుడితో మాట్లాడి మోతాదు నిర్ణయించుకోవాలి. పాలు, పెరుగు రోజూ తినే శాకాహారుల్లో కూడా బి12 లోపం మామూలే కనుక, మొదలుపెట్టకముందే బి12, హీమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లోని ఇనుము నిల్వకు గుర్తు), విటమిన్ డి పరీక్షలు చేయించుకుంటే తర్వాత కనిపించే లోపం ఎప్పటిదో స్పష్టంగా తెలుస్తుంది. జంతువుల కోసం తీసుకున్న నిర్ణయం మన అనారోగ్యంతో ముగిస్తే, చుట్టూ ఉన్న పదిమంది ఈ దారి అసాధ్యమని తేల్చేసుకుంటారు. అందుకే ఈ మాత్రను నేను ఐచ్ఛికంగా చూడను.

మూడవ మెట్టు: ఇప్పటికే ఇంట్లో ఉన్నది గుర్తించడం

ఒక కాగితం తీసుకుని మీ ఇంట్లో వారం రోజులు వండినవన్నీ రాయండి. గోంగూర పప్పు, పప్పుచారు, పచ్చిపులుసు, వంకాయ కారం, బెండకాయ వేపుడు, జొన్నరొట్టె, రాగి సంగటి, ఇడ్లీ, పెసరట్టు, పులిహోర, కొబ్బరి పచ్చడి, ఆవకాయ, కంది పొడి, ఉలవచారు. వీటిలో పోపుకు నెయ్యి వాడకపోతే జంతు సంబంధమైనది ఏదీ లేదు. ఖరీదైన మాంసం నకళ్లు, దిగుమతి చీజులు లేకపోతే వీగన్ కాలేమనే అపోహ ఈ కాగితంతోనే పోతుంది. పైగా రాయలసీమ సంగటి, తెలంగాణ జొన్నరొట్టె, ఉత్తరాంధ్ర అంబలి పాడి లేని పేద ఇళ్లలో తరతరాలుగా నిలబడిన తిండి. జాబితాలో మిగిలే చిక్కు ముఖ్యంగా మూడింటి దగ్గర వస్తుంది: పెరుగు, నెయ్యి, కాఫీ టీలలోని పాలు. మాంసాహారుల ఇంట్లో ఆదివారం కూర కూడా ఒకటి.

నాలుగవ మెట్టు: మానే క్రమం

మాంసాహారులు ముందుగా గుడ్లు, కోడి, రొయ్యలు, చేపలు మానాలి, ఆ తర్వాత మటన్, ఆ తర్వాత పాలు. ఇది మామూలుగా చెప్పే క్రమానికి వ్యతిరేకం. కానీ ప్రాణాల లెక్క చూసినా, బోనుల్లో అనుభవించే బాధ చూసినా ఇదే సరైన వరుస. ఆదివారం కూర స్థానంలో మీల్ మేకర్, పనసకాయ, పుట్టగొడుగులు అదే మసాలాతో వండితే నాలుక త్వరగానే అలవాటు పడుతుంది, ఎందుకంటే మనం ఇష్టపడే రుచిలో ఎక్కువ భాగం అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసగసాలది.

శాకాహారులు ముందు గుడ్డు కలిసిన కేకులు, ఆపై టీ కాఫీలలోని పాలు, ఆపై నెయ్యి, చివరగా పెరుగు మానితే సులువు. పెరుగును చివర పెట్టడానికి కారణం, దాన్ని బలవంతంగా ముందే ఆపినవారు నెల తిరక్కుండానే మొత్తం వదిలేయడం నేను పలుమార్లు చూశాను. ఒక్కరోజులో అన్నీ మానగలిగినవారు మానవచ్చు. అయితే మొదట ప్రత్యామ్నాయం చేతికి రావాలి, తర్వాత పాతది పోవాలి.

ఐదవ మెట్టు: పెరుగు, నెయ్యి, కాఫీ

తెలుగు భోజనం పెరుగుతో ముగుస్తుంది కనుక ఇక్కడ కాస్త ఓపికగా చెప్పాలి. ఒక కప్పు వేరుశనగ గింజలను ఆరేడు గంటలు నానబెట్టి, పచ్చివాసన పోవడానికి ఐదు నిమిషాలు మరిగించి, ఆ నీళ్లు పారబోసి పొట్టు తీయాలి. కొద్ది నీళ్లతో వెన్నలా రుబ్బి, మొత్తం మూడు కప్పుల నీళ్లు పట్టేలా కలిపి పలుచని బట్టలో వడగట్టాలి. వచ్చిన పాలను సన్నని మంట మీద కలుపుతూనే పొంగు రానిచ్చి, మరో పది నిమిషాలు కాచాలి. కలపడం ఆపితే అడుగంటుతుంది. వేలు పెడితే గోరువెచ్చగా తగిలే వేడికి వచ్చాక తోడు వేయాలి. మొదటిసారి తోడు లేనప్పుడు, కడిగి ఆరబెట్టిన పచ్చిమిరపకాయలు ఐదారు, తొడిమలతో సహా అందులో ముంచి మూతపెట్టి, వెచ్చని చోట పది పన్నెండు గంటలు కదపకుండా ఉంచాలి. తొడిమల మీద సహజంగా ఉండే బాక్టీరియా పాలను పులియబెడుతుంది. మొదటి విడత పలుచగా రావచ్చు. దానిలో ఒక చెంచా తీసి కొత్త పాలకు తోడువేస్తే రెండో విడత నుంచి గట్టిగా తోడుకుంటుంది. గులాబీ రంగు మచ్చలు గానీ చెడు వాసన గానీ కనిపిస్తే రుచి చూడకుండా పారేయాలి.

ఈ పెరుగులో అల్లం, కరివేపాకు, పచ్చిమిర్చి దంచి వేసి పలుచన చేస్తే మజ్జిగ చక్కగా ఉంటుంది. పోపు పెట్టి దద్దోజనం చేసుకోవచ్చు. మజ్జిగ పులుసులో మాత్రం పొయ్యి కట్టేశాక కలపాలి, లేకపోతే విరిగిపోతుంది. వడగట్టగా మిగిలిన పిప్పిని వడల పిండిలోనో కూర పొడిలోనో వాడుకోవచ్చు. వేరుశనగ పడనివారు సోయా గింజలతో ఇదే పద్ధతి అనుసరించాలి. కొబ్బరి పాల పెరుగు పచ్చళ్లకు బాగుంటుంది గానీ అన్నంలోకి జిడ్డుగా అనిపిస్తుంది, మాంసకృత్తులు కూడా తక్కువ. ఇవేవీ చేసుకునే తీరిక లేనివారికి చద్దన్నం ఉండనే ఉంది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున ఆ పుల్లటి నీళ్లతోనే ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుంటూ తింటే పెరుగు కోరుకునే పులుపు, చలువ రెండూ దొరుకుతాయి.

నెయ్యి విషయంలో ప్రత్యామ్నాయం మన వంటింట్లోనే ఉంది. ఆవకాయకు వాడే నువ్వుల నూనె, కొన్ని జిల్లాల్లో పప్పునూనె అనే గానుగ నూనె, ముద్దపప్పు మీదా కంది పొడి మీదా వేసుకోవడానికి నాకు తెలిసినంతలో అన్నింటికన్నా మంచిది. కొద్దిగా వేడిచేసి రెండు కరివేపాకులు వేస్తే సువాసన పెరుగుతుంది. డాల్డా మొక్కలదే అయినా దాన్ని నెయ్యికి బదులుగా పెట్టుకోవలసిన అవసరం లేదు.

కాఫీలో సోయా పానీయం పోస్తే విరిగిపోయిందని చాలామంది ప్రయత్నం మానేస్తారు. మరిగే డికాక్షన్‌లోని వేడి, పులుపు కలిసి సోయా మాంసకృత్తిని విరగ్గొడతాయి. డికాక్షన్ కాస్త చల్లారనిచ్చి, సోయా పానీయాన్ని విడిగా వేడిచేసి, నెమ్మదిగా కలిపితే ఈ ఇబ్బంది ఉండదు. ఓట్స్ పానీయం అంతగా విరగదు. టీకి ముందు నీళ్లలో ఆకు, అల్లం, యాలకులు బాగా మరిగించి, దింపే ముందు మాత్రమే పానీయం పోయాలి.

ఆరవ మెట్టు: పోషకాల లెక్క

పెద్దలకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020 ప్రమాణాలు చెబుతున్నాయి. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు అన్నమాట. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, వేరుశనగల్లో 24 గ్రాములు, సోయా గింజల్లో 35 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. పప్పు పలుచని చారుగా మారితే ఈ లెక్క నిలవదు. పూటకు మనిషికి గుప్పెడు పప్పు ముద్దగా పడాలి, పొద్దున పెసరట్టో ఉడికించిన శనగలో ఉండాలి.

కాల్షియం గురించి ఇంట్లో పెద్దలు తప్పక అడుగుతారు కనుక అంకెలు దగ్గర పెట్టుకోండి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల ఆవు పాలలో 118 మిల్లీగ్రాములు, రాగుల్లో 364, తోటకూరలో 330, మునగాకులో 314, తెల్ల నువ్వుల్లో 1283 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రోజుకు కావలసింది 1000 మిల్లీగ్రాములు. వంద గ్రాముల రాగిపిండి సంగటి, యాభై గ్రాముల మునగాకు పప్పు, ఇరవై గ్రాముల నువ్వుల పొడి కలిస్తే 780 దాకా చేరుతుంది. తోటకూరలో కాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి అందులోని కాల్షియం అంతా ఒంటపట్టదు, మునగాకు ఆ విషయంలో మెరుగు. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, లేదా అంబలిగా పులియబెట్టి వాడితే గ్రహణం పెరుగుతుంది.

ఇనుము కోసం ఆకుకూర మీద నిమ్మరసం పిండుకోవాలి, భోజనానికి గంట అటూ ఇటూ టీ కాఫీలు తాగకూడదు. రోజుకు ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడి ఒమేగా 3 కొవ్వుకు సరిపోతుంది. అయొడైజ్డ్ ఉప్పునే వాడాలి. విటమిన్ డి కోసం ఎండ మంచిదే గానీ ఆఫీసుల్లో రోజంతా గడిపేవారికి అది చాలదు. మాత్రలుగా వచ్చే డి3 సాధారణంగా గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తీసినది, కాబట్టి డి2 గానీ, చెట్ల బెరడు మీద, రాళ్ల మీద పెరిగే లైకెన్ నుంచి తీసిన డి3 గానీ అడగాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు బి12 విషయంలో ఒక్క వారం కూడా అశ్రద్ధ చేయకూడదు, ఎందుకంటే తల్లిలోని లోపం బిడ్డ మెదడు ఎదుగుదల మీద పడుతుంది. బిడ్డకు తల్లిపాలు ఈ నైతికతకు ఏ విధంగానూ విరుద్ధం కావు. ఏడాదిలోపు బిడ్డకు తల్లిపాల బదులు ఇంట్లో చేసిన సోయా పాలు, వేరుశనగ పాలు ఎట్టి పరిస్థితిలోనూ పట్టకూడదు. తల్లిపాలు లేనప్పుడు పిల్లల వైద్యుడు చెప్పిన డబ్బా పాలే ఇవ్వాలి.

ఏడవ మెట్టు: ప్యాకెట్లు చదవడం

ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు మాత్రమే. పాలు, తేనె ఉన్నా ఆ చుక్క ఉంటుంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2021లో వీగన్ ఆహారానికి ప్రత్యేక చిహ్నాన్ని ప్రకటించి, 2022లో నిబంధనలు తెచ్చింది. చతురస్రంలో ఆకుపచ్చని ఆంగ్ల ‘వి’ అక్షరం, దానితో చిన్న ఆకు ఉంటాయి. ఈ చిహ్నం లేని వస్తువులన్నీ వీగన్ కావని అర్థం కాదు కనుక పదార్థాల వరుస చదవాలి. పాలపొడి, మిల్క్ సాలిడ్స్, పాల నుంచి తీసే వే, కేసిన్, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే గెలటిన్ అనే మాటలు చూడాలి. ఆహారంలో కలిపే పదార్థాలకు ఐఎన్ఎస్ అనే సంఖ్యలు ఉంటాయి: ఐఎన్ఎస్ 120 అంటే పురుగుల నుంచి తీసిన కార్మైన్ అనే ఎరుపు రంగు, 901 తేనెటీగల మైనం, 904 లక్క. ‘పాల జాడలు ఉండవచ్చు’ అనే హెచ్చరిక అలర్జీ ఉన్నవారి కోసం రాసేది, దాని కోసం ఆ వస్తువు మానవలసిన అవసరం నాకు కనిపించదు. బయట తినేటప్పుడు నాన్‌లో పెరుగు, బ్రెడ్డులో పాలపొడి, హోటలు ఉప్మాలో, పొంగలిలో నెయ్యి, ఉలవచారు మీద మీగడ ఉంటాయని అడిగి తెలుసుకోవాలి. ఇడ్లీ, సాదా దోసె నూనెతో, పూరీ దాదాపు ఎక్కడైనా దొరుకుతాయి.

ఎనిమిదవ మెట్టు: ఇల్లు, పండుగలు, గుడి

అన్నింటికన్నా బరువైన మెట్టు ఇదే. మీరు పెరుగు వద్దన్నప్పుడు అమ్మకు వినిపించేది పాడిపరిశ్రమ మీద విమర్శ కాదు, తను పెట్టినది బిడ్డ కాదన్నట్టు వినిపిస్తుంది. అందుకే వద్దనే మాటకన్నా ముందు కావలసినది చెప్పాలి. ‘అమ్మా, ఆ మునగాకు పప్పు ఇంకాస్త వెయ్యి’ అన్న తర్వాత పెరుగు దగ్గర ఆగితే గొడవ ఉండదు. ‘అత్తయ్యా, నాకోసం విడిగా వండకండి, పోపు నూనెతో పెట్టి, నెయ్యి ఎవరి విస్తట్లో వారికి వడ్డించండి చాలు’ అన్న ఒక్క సర్దుబాటుతో ఇంటి వంటలో అధికభాగం మీకు పనికివస్తుంది. చక్కెర పొంగలి, రవ్వకేసరి వంటివాటిలో నెయ్యి పోసే ముందే ఒక గిన్నె తీసి పెట్టమనవచ్చు. మొదటి కొన్ని నెలలు వంటింట్లో మీరే నిలబడి వండితే మాటకు విలువ పెరుగుతుంది.

పండుగలు భయపడినంత కష్టం కాదు. ఉగాది పచ్చడిలో జంతు సంబంధమైనది ఏదీ లేదు. వినాయక చవితి కుడుములు, ఉండ్రాళ్లు, సంక్రాంతి సకినాలు, నువ్వులుండలు, నూనెలో వేసిన అరిసెలు, సద్దుల బతుకమ్మ నాటి నువ్వుల సద్ది, పల్లీల సద్ది, కొబ్బరి సద్ది నిస్సందేహంగా తినదగినవి. పరమాన్నాన్ని కొబ్బరి పాలు, బెల్లంతో చేస్తే బెల్లం పాకంలో విరిగే భయం కూడా తక్కువ. సంక్రాంతికి కత్తులు కట్టి ఆడే కోడిపందేలకు మాత్రం చూడటానికైనా వెళ్లవద్దు. అక్కడ మన హాజరే ప్రోత్సాహం.

గుడిలో నువ్వుల నూనె దీపం, కొబ్బరినీళ్ల అభిషేకం సంప్రదాయంలో ఉన్నవే. ఎవరైనా తిరుమల నుంచి తెచ్చి లడ్డు చేతిలో పెట్టినప్పుడు ఏం చేయాలని చాలామంది అడుగుతారు. దాన్ని కాదనడం వల్ల ఏ పశువుకూ హాని తగ్గదు, ఇచ్చినవారి మనసు మాత్రం నొచ్చుకుంటుంది. కళ్లకద్దుకుని తీసుకుని, ఇంట్లో తినేవారికి ఇవ్వడం నాకు తోచిన మార్గం. చిటికెడు నోట్లో వేసుకున్నవారు కూడా నియమం తప్పినట్టు నేను అనుకోను. మనం డబ్బిచ్చి కొనేది వేరు, భక్తితో ఒకరు పంచేది వేరు.

ఇతరుల కంచం గురించి ఒక గట్టి మాట చెప్పాలి. మన సమాజంలో శాకాహారాన్ని కులగౌరవానికి కొలబద్దగా వాడారు. ‘శాకాహారులకు మాత్రమే’ అని అద్దె ఇంటికి బోర్డు పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. వీగన్ వాదన ఆ అహంకారానికి కొత్త ముసుగు కాకూడదు. పాలు తాగే శాకాహారి మాంసం తినేవారికంటే పైమెట్టు మీద ఉన్నాడనుకోవడానికి జంతువుల వైపు నుంచి చూస్తే ఆధారమే లేదు. అంగన్‌వాడీ పిల్లల గుడ్డును తీసేయమని ఉద్యమించడం కూడా తప్పని నా అభిప్రాయం. దానికి సమానమైన పోషణ ఆ పిల్లల చేతికి అందేదాకా, మార్పు తిండికి కరువులేని ఇళ్ల నుంచే మొదలవ్వాలి.

తొమ్మిదవ మెట్టు: బట్టలు, నగలు, వస్తువులు

పట్టుకాయలో పురుగు సజీవంగా ఉండగానే ఆవిరిలోనో వేడినీటిలోనో చంపి దారం తీస్తారు, లేకపోతే అది కాయను చీల్చుకుని బయటకు వచ్చి దారం తెగిపోతుంది. ఒక్క చీర వెనుక వేల పురుగులు ఉంటాయి. హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్య సీతాకోక బయటకు వెళ్లాక మిగిలిన కాయతో నూలు వడికే అహింసా పట్టును రూపొందించారు. ఇది మామూలు పట్టుకన్నా నిశ్చయంగా మెరుగు. కానీ పెంపుడు పట్టు సీతాకోక ఎగరలేదు, బయటకు వచ్చినా కొద్ది రోజులే బతుకుతుంది. అందువల్ల నేను నూలు వైపే మొగ్గుతాను. తెలుగు పెళ్లిలో వధూవరులు కట్టే మధుపర్కాలు నూలువే కనుక శాస్త్రానికి ఏ లోటూ రాదు. మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు, పోచంపల్లి నూలు ఇక్కత్ పెళ్లిళ్లలో నిండుగా ఉంటాయి. గద్వాల చీర కొనేటప్పుడు మాత్రం ఒళ్లు నూలైనా అంచు, కొంగు పట్టువి కావచ్చని అడగాలి.

పొందూరు ఖద్దరు విషయం చెబితే కొందరు ఆశ్చర్యపోతారు. అక్కడ సంప్రదాయ పద్ధతిలో పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా వాడతారు. అంటే అచ్చమైన నూలు బట్ట వెనుక కూడా ఒక జంతువు ఉండవచ్చు. దీన్ని బట్టి పొందూరు నేతను బహిష్కరించాలని నేను అనను. ఒక దవడ ఎన్నో బట్టలకు పనిచేస్తుంది, పట్టుచీర హానితో దానికి పోలిక లేదు. మొదట చెప్పిన ప్రశ్న ఇటువంటి చోటనే ఉపయోగపడుతుంది.

ముత్యాల కోసం ఆల్చిప్పలను చంపుతారు, లక్క గాజులకు కావలసిన లక్క చిన్న పురుగుల నుంచి వస్తుంది. తోలు చెప్పులు, బెల్టులు, పర్సులు అరిగిపోయాక మాత్రమే వేరేవి కొనాలి. ఇంట్లో ఉన్న అమ్మమ్మ పట్టుచీరను పారేయడం వల్ల ఏ పురుగూ బతకదు, కొత్తది కొనకపోవడమే ముఖ్యం. సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని భారతదేశం 2014లో నిషేధించింది, అలా పరీక్షించిన వాటి దిగుమతిని కూడా అదే ఏడాది ఆపింది. అయినా మైనం, ఉన్ని జిడ్డు, కార్మైన్ వంటివి లిప్‌స్టిక్కుల్లో, క్రీముల్లో ఉంటాయి కనుక చదివి కొనాలి.

పదవ మెట్టు: మందులు, ఏటా తనిఖీ

క్యాప్సూల్ పై తొడుగు చాలావరకు గెలటిన్, మాత్రల్లో పాలచక్కెర కలుపుతారు. అదే మందు మాత్రగానో, మొక్కల తొడుగుతోనో దొరుకుతుందేమో మందుల షాపులో అడగండి, వైద్యుడికీ చెప్పండి. దొరకనప్పుడు వైద్యుడు రాసినదే వాడాలి. టీకాలు, ఇన్సులిన్, ఆపరేషన్ సమయంలో వాడే వస్తువుల విషయంలో కూడా ఇదే మాట. ఆసుపత్రిలో చేరవలసి వస్తే చేరిన రోజునే భోజనశాలవారికి పాలు, పెరుగు, నెయ్యి లేకుండా పప్పు, ఇడ్లీ, కిచిడీ పంపమని రాయించుకోవడం మంచిది. లేకపోతే మెత్తని ఆహారం పేరుతో మూడు పూటలా పెరుగన్నమే వస్తుంది.

మొదటి ఏడాది ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి మునుపటి రక్తపరీక్షలే మళ్లీ చేయించి పాత చీటీ పక్కన పెట్టి చూడండి. బి12 మోతాదు ప్రకారం తీసుకుంటున్నా తక్కువగా వస్తే మాత్ర గ్రహణం కావడం లేదని అర్థం, అప్పుడు ఇంజెక్షన్ అవసరమో కాదో వైద్యుడు నిర్ణయిస్తారు. ఫెర్రిటిన్ తగ్గితే ముందు టీ వేళలు, నిమ్మరసం, ఆకుకూరల పరిమాణం చూసుకుని, మూడు నెలల్లో పెరగకపోతే ఇనుము మాత్రలు మొదలుపెట్టాలి.